స్కూల్ అసిస్టెంట్ నుంచి హెచ్.ఎం. కుర్చీలోకి: మొదటి ఏడాది బడిని ఎలా నడపాలి

జిల్లా పరిషత్ హైస్కూల్లో హెచ్.ఎం., అంటే ప్రధానోపాధ్యాయులు, రిటైరవుతారు. ఆ పోస్టులోకి రెగ్యులర్ మనిషి వచ్చేదాకా సీనియర్ స్కూల్ అసిస్టెంట్‌కి (హైస్కూల్లో సబ్జెక్టు చెప్పే టీచర్‌కి) ఎఫ్.ఏ.సి., అంటే పూర్తి అదనపు బాధ్యత ఇస్తారు. మనలో చాలామంది హెచ్.ఎం. పనిలోకి దిగేది ఇలాగే. నిన్న సాయంత్రం దాకా తొమ్మిదో తరగతికి త్రిభుజాలు చెప్పిన మనిషి, పొద్దున్నే తాళాల గుత్తి పట్టుకుని గేటు దగ్గర నిలబడాలి. మధ్యలో శిక్షణంటూ ఏమీ ఉండదు.

నేనూ అలాగే వచ్చాను. లెక్కల టీచర్ని. మూడేళ్లు ఇన్‌ఛార్జిగా చేసి, ఆ తర్వాత ప్రమోషన్ మీద మరో ఊళ్లో హెచ్.ఎం. అయ్యాను. మొదటి ఏడాది పక్కన కూర్చుని ఎవరైనా చెబితే బాగుండేదని అప్పట్లో అనుకున్న సంగతులు ఇక్కడ రాస్తున్నాను. ఈ పని మనల్ని తరగతి గదిలోంచి ఆఫీసు గదిలోకి లాగుతూనే ఉంటుంది. తరగతిని వదలకుండా హెచ్.ఎం.గా ఎలా ఉండాలన్నదే నా ఆరాటమంతా.

కుర్చీ రాకముందే మొదలుపెట్టండి

ముందుగా డిపార్ట్‌మెంటల్ టెస్టులు. స్కూల్ అసిస్టెంట్ గెజిటెడ్ హెచ్.ఎం. కావాలంటే జి.ఓ.టి. (గెజిటెడ్ ఆఫీసర్ల టెస్టు) 88, 97 పేపర్లు, ఇ.ఓ.టి. (ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ల టెస్టు) 141 పేపర్ పాసై ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీపీఎస్సీ, తెలంగాణలో టీజీపీఎస్సీ వీటిని నిర్వహిస్తాయి. ప్రమోషన్ లిస్టులు వచ్చినప్పుడు చూద్దాంలే అని వాయిదా వేయకండి. సెలవు నిబంధనలు, బిల్లులు, ఖాతాలు అందులో ఉంటాయి. రేపు ఇరవై మంది జీతాల బిల్లు మీద సంతకం పెట్టేది మీరే కాబట్టి ఆ చదువు ఊరికే పోదు.

తర్వాత మీ హెచ్.ఎం. దగ్గరికి వెళ్లి మూడు పనులు అడిగి తీసుకోండి. ఏడాదికొకటి చొప్పున చాలు. టైమ్‌టేబుల్ వేయడం, పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల పేర్లు, పుట్టిన తేదీల జాబితా), మధ్యాహ్న భోజనం రిజిస్టర్. టైమ్‌టేబుల్ వేస్తే ఎవరి మీద ఎంత బరువుందో తెలుస్తుంది. నామినల్ రోల్స్ చేస్తే అడ్మిషన్ రిజిస్టర్ విలువ తెలుస్తుంది. భోజనం రిజిస్టర్ చేత్తో రాస్తే వంట చేసే అమ్మల కష్టం తెలుస్తుంది. ఈ మూడూ చేసిన టీచర్ కుర్చీలోకి వచ్చాక పెద్దగా తడబడరు.

చదువుకోవాలనే ఆసక్తి ఉంటే న్యూఢిల్లీలోని నీపా (జాతీయ విద్యా ప్రణాళిక, పరిపాలన సంస్థ) స్కూల్ లీడర్‌షిప్ మీద ఆన్‌లైన్ కోర్సులు నడుపుతోంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా టీచర్లకు, ప్రధానోపాధ్యాయులకు ఏడాదికి 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంటుంది. సెలవుల్లో చేయండి, మేలే. అయితే మంచి హెచ్.ఎం. పక్కన రెండేళ్లు పనిచేయడంతో సాటి వచ్చే కోర్సు నాకింకా కనబడలేదు.

ఛార్జి తీసుకునే రోజు

ఈ ఒక్క రోజు మొహమాటం పక్కన పెట్టాలి. రిటైరయ్యే సార్ మీకు ఎంత దగ్గరివారైనా, లెక్కపెట్టి చూస్తే నొచ్చుకుంటారేమో అనిపించినా సరే, ఛార్జి లిస్టులో ఉన్న ప్రతి వస్తువునూ కళ్లారా చూశాకే సంతకం పెట్టండి. ఒక్క పూటలో అవదు. రెండు రోజులు అడగండి.

ముందు క్యాష్ బుక్, బ్యాంకు పాస్‌బుక్‌లు. బడి పేరు మీద ఎన్ని ఖాతాలున్నాయో రాయించుకోండి. అన్ని పాస్‌బుక్‌లనూ ఆ రోజు తేదీతో ప్రింట్ వేయించండి. క్యాష్ బుక్ నిల్వకీ పాస్‌బుక్ నిల్వకీ తేడా ఉంటే, ఏ చెక్కు ఇంకా మారలేదో ఆ పేజీలోనే రాయించి ఇద్దరూ సంతకాలు పెట్టండి.

రెండోది టి.సి. పుస్తకం. చివరగా ఇచ్చిన నంబర్ ఏది, ఖాళీ ఫారాలు ఎన్ని మిగిలాయి, మధ్యలో కౌంటర్ ఫాయిల్ లేని పేజీ ఏదైనా ఉందా? అడ్మిషన్ రిజిస్టర్‌నూ ఇలాగే చూడండి. పాత రిజిస్టర్లు ఎక్కడున్నాయో తప్పకుండా అడగండి. 1970ల్లో చదివిన పెద్దాయన పుట్టిన తేదీ కోసం వస్తే ఆ పుస్తకమే ఆయనకి ఆధారం. చెదలు పడుతుంటే వెంటనే బీరువా మార్చండి.

మూడోది స్టాక్. బెంచీలు, లైబ్రరీ పుస్తకాలు, ల్యాబ్ సామాను, కంప్యూటర్లు, డిజిటల్ బోర్డులు. ఎలక్ట్రానిక్ వస్తువులైతే సీరియల్ నంబర్ చూసి టిక్ పెట్టండి. పనిచేయనివాటిని పనిచేయవనే రాయించండి.

నాలుగోది బియ్యం. దీన్ని ఎవరూ పట్టించుకోరు. బస్తాలు లెక్కపెడితే సరిపోదు, విప్పినవాటిని తూకం వేయండి. భోజనం రిజిస్టర్‌లో ఉన్న నిల్వ, గదిలో ఉన్న నిల్వ సరిపోవాలి.

నేను మొదటిసారి అరగంటలో సంతకం పెట్టేశాను. నాలుగు నెలల తర్వాత స్టాక్ సరిచూస్తే, రిజిస్టర్‌లో ఉన్నన్ని మైక్రోస్కోపులు బీరువాలో లేవు. ఎప్పుడు పోయాయో, ఎవరు తీసుకెళ్లారో ఎవరికీ తెలియదు. సంతకం నాది గనక సమాధానం చెప్పుకోవలసిందీ నేనే. ఆ టెన్షన్‌తో ఒక నెలంతా క్లాసులో మనసు పెట్టి పాఠం చెప్పలేకపోయాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదటి రెండు వారాలు ఏదీ మార్చకండి

వేలాడే కరెంటు వైరు, పగుళ్లిచ్చిన గోడ, మూత లేని నీళ్ల ట్యాంకు కనిపిస్తే ఆ రోజే చూడండి. పిల్లల ప్రాణాలకు సంబంధించింది వాయిదా వేయకూడదు. మిగతావన్నీ రెండు వారాలు ఆగుతాయి.

ఈ రెండు వారాలు మీ పని చూడటం, వినడం. ప్రార్థనకి అరగంట ముందే వచ్చి గేటు దగ్గర నిలబడండి. ఎవరు పరుగెత్తుకుంటూ వస్తున్నారు, ఎవరు ఏమీ తినకుండా వస్తున్నారు, ఏ ఊరి పిల్లలు రోజూ ఆలస్యం అవుతున్నారు అన్నది మూడు రోజుల్లో తెలిసిపోతుంది. మధ్యాహ్నం మొదటి పీరియడ్లో వరండా అంతా ఒకసారి నడవండి. టీచర్ లేని తరగతి ఏదో, టీచర్ ఉన్నా పాఠం లేని తరగతి ఏదో అప్పుడే బయటపడుతుంది. మరుగుదొడ్లు శుభ్రం చేసే ఆయమ్మతో మాట్లాడండి. బడి గురించి ఆవిడకి తెలిసినంత మనలో ఎవరికీ తెలియదు.

ఒక్కో టీచర్‌తో విడిగా పావుగంట కూర్చోండి. మీ గదికి పిలిపించకుండా, వాళ్ల లీజర్ పీరియడ్లో మీరే వెళ్లండి. నేను అడిగేవి మూడే ప్రశ్నలు. మీ క్లాసుల్లో మీకు బెంగగా ఉన్న పిల్లలెవరు? ఈ బడిలో ఏది ఇప్పుడున్నట్టే ఉండాలి? నా నుంచి మీకు కావాల్సింది ఒకటి చెప్పండి. జవాబులు ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. మూడో ప్రశ్నకి వచ్చే జవాబులు చాలా చిన్నవిగా ఉంటాయి. ఒకరు చాక్‌పీసులు మంచివి కావాలంటారు, ఒకరు ఏడో తరగతి గదికి ఫ్యాన్ అడుగుతారు, ఒకరు శనివారం ఆఖరి పీరియడ్ తీసేయమంటారు. వాటిలో సగమైనా నెలలోపు చేసి చూపిస్తే, తర్వాత మీరు అడిగే పెద్ద పనులకి వాళ్లు నిలబడతారు.

అన్నిటికన్నా కష్టమైన సంగతి స్టాఫ్‌రూమ్‌లో ఉంటుంది. నిన్నటిదాకా ఒకే టిఫిన్ డబ్బాలో తిన్నవాళ్లు. నా బ్యాచ్‌మేట్ ఒకడు నన్ను ఏరా అనేవాడు, నేనూ వాణ్ని ఏరా అనేవాణ్ని. ఛార్జి తీసుకున్న వారానికి వాడు పిల్లల ముందు కూడా అలాగే పిలిచాడు. ఆ సాయంత్రం బండి మీద ఇంటికి వెళ్తూ చెప్పాను: "మనిద్దరి మధ్య ఏదీ మారదురా. పిల్లల ముందు, స్టాఫ్ మీటింగ్‌లో మాత్రం నువ్వు నన్ను సార్ అను, నేను నిన్ను సార్ అంటాను." వాడు ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత నవ్వి సరేనన్నాడు. ఇలాంటి మాట మొదటి వారంలోనే, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పేయాలి. నెల దాటితే చెప్పలేరు.

మీకన్నా వయసులో పెద్దవారు ఉంటే సంగతి వేరు. మా తెలుగు మాస్టారికి నా కన్నా పదేళ్లు ఎక్కువ. మీటింగ్‌లో ఏ విషయమైనా "మాస్టారూ, ముందు మీరు చెప్పండి" అనేవాణ్ని. నిర్ణయం నాదే అయినా ఆయన మాట తర్వాతే ఉండేది. ఆయన చివరి దాకా నాకు అండగా నిలబడ్డారు.

టైమ్‌టేబుల్లో మీ పేరు ఉండాలి

ఛార్జి రాగానే చాలామంది చేసే పని తమ పీరియడ్లు వేరేవాళ్లకి పంచేయడం. దయచేసి అలా చేయకండి. ఒక్క సెక్షన్ అయినా మీ చేతిలో ఉండాలి. అదీ పదో తరగతి కాకుండా ఆరో తరగతి తీసుకోండి. వేర్వేరు ప్రైమరీ స్కూళ్ల నుంచి పిల్లలు వచ్చి చేరేది అక్కడే. చదవలేని పిల్లవాడు ఆరులో దొరికితే నాలుగేళ్ల సమయం ఉంటుంది. తొమ్మిదిలో దొరికితే ఏం చేయాలో తోచదు.

మీ పీరియడ్ ఎప్పుడూ మొదటిదే వేసుకోండి. ఫోన్లు, మెసేజ్‌లు, ఆఫీసు పిలుపులు పదిన్నర దాటాక ఊపందుకుంటాయి. ఆ లోపు మీ పాఠం అయిపోతుంది. ఫోన్ బల్ల సొరుగులో పెట్టి వెళ్లండి. నలభై అయిదు నిమిషాలు హెచ్.ఎం. దొరక్కపోతే ఏ ఆఫీసూ ఆగదు.

జూన్ 12న బడి తెరిచిన వారంలోనే ఆరో తరగతి పిల్లలందరినీ ఒక్కొక్కరిని పిలిచి మూడు పనులు చేయించండి. నాలుగు వాక్యాల తెలుగు పేరా చదవాలి, ఒక తీసివేత, ఒక భాగాహారం చేయాలి. ఒక్కో పిల్లకి అయిదు నిమిషాలు పడుతుంది. వచ్చిన లిస్టు స్టాఫ్ మీటింగ్‌లో పెట్టండి. ఎవరినీ నిందించకుండా, ఈ పధ్నాలుగు మందికి దసరాలోపు చదవడం రావాలి, ఎవరెవరు ఎంతమందిని తీసుకుంటారు అని అడగండి. ముందు మీరు నలుగుర్ని తీసుకోండి. నేను చూసినంతలో, హెచ్.ఎం. నలుగుర్ని తీసుకున్న బడిలో మిగతా పదిమందికి టీచర్లు దొరకని సందర్భం లేదు.

ఎవరైనా సెలవు పెట్టినప్పుడు అడ్జస్ట్‌మెంట్ పీరియడ్లు వేయాల్సి వస్తుంది. దానికి ఒక పుస్తకం పెట్టండి. ఎవరికి ఎన్ని పడ్డాయో అందరికీ కనబడాలి. వారంలో మొదటి అడ్జస్ట్‌మెంట్ మీరే తీసుకోండి. సెలవు అడిగిన మనిషిని నిలబెట్టి కారణాలు తవ్వకండి. ఏడాదికి 15 క్యాజువల్ లీవులు, మహిళా టీచర్లకి అదనంగా 5 ప్రత్యేక సెలవులు ఉన్నది వాడుకోవడానికే. పరీక్షల వారంలోనో, ఒకే రోజు ముగ్గురు అడిగినప్పుడో మాత్రం ఇబ్బంది చెప్పి, మీలో మీరు మాట్లాడుకుని రమ్మంటే వాళ్లే సర్దుకుంటారు.

తోటి టీచర్ క్లాసులో కూర్చోవడం

మంచి హెచ్.ఎం. అవుతారా, సంతకాల హెచ్.ఎం.గా మిగిలిపోతారా అన్నది ఎక్కువగా ఈ పని మీదే తేలుతుంది. ఇందులో తప్పు చేయడమూ తేలికే.

మొదట మీ క్లాసుకి వాళ్లని పిలవండి. "రేపు ఆరో తరగతికి భిన్నాలు చెబుతున్నాను. మీకు లీజర్ ఉంటే వచ్చి కూర్చోండి. పిల్లలకి ఎక్కడ అర్థం కావట్లేదో చూసి చెప్పండి" అని నిజంగా అడగండి. వాళ్లు చెప్పింది మర్నాడు పాటించండి. ఇలా రెండుసార్లు జరిగాక, మీరు వాళ్ల క్లాసుకి వస్తానంటే ఎవరూ బెదిరిపోరు.

వెళ్లేటప్పుడు ముందురోజే చెప్పండి. టీచర్ కన్నా ముందే వెళ్లి ఆఖరి బెంచీలో కూర్చోండి. పీరియడ్ మొత్తం ఉండండి. మధ్యలో లేచి వస్తే తప్పు పట్టడానికే వచ్చారనుకుంటారు. మీరు చూడాల్సింది పిల్లల్ని. ఎంతమంది నోరు విప్పారు, ఆఖరి వరుస ఏం చేస్తోంది, బోర్డు మీద ఉన్నది నోట్‌బుక్‌లో ఎలా దిగింది? ఓ మూడు నోట్‌బుక్‌లు తిరగేయండి. ఒకటి బాగా చదివే పిల్లది, ఒకటి మధ్యస్థం, ఒకటి వెనకబడిన పిల్లవాడిది. ఆ మూడూ చూస్తే నెల రోజుల పాఠం మీ ముందు ఉంటుంది.

ఏం జరిగినా పిల్లల ముందు టీచర్ని సరిదిద్దకండి. బోర్డు మీద లెక్క తప్పు పడినా సరే. పీరియడ్ అయ్యాక ఆయనకే చెబితే, తర్వాతి క్లాసులో ఆయనే దిద్దుకుంటారు.

మాట్లాడటం మాత్రం అదే రోజు, ఇద్దరే ఉన్నప్పుడు. ముందు వాళ్లనే చెప్పనివ్వండి, పాఠం ఎలా జరిగిందనుకుంటున్నారో. తర్వాత మీరు చూసింది చూసినట్టు ఒకే ఒక్క విషయం చెప్పండి. ఒక సైన్స్ టీచర్‌తో నేను అన్నది ఇంతే: "మేడమ్, మీరు అడిగిన ప్రశ్నలన్నిటికీ ముందు బెంచీలోని ఆ నలుగురే చెప్పారు." ఆవిడ కాసేపు ఆలోచించి, ప్రశ్న అడిగాక చేతులెత్తనివ్వకుండా పేరు పెట్టి పిలుస్తానన్నారు. పరిష్కారం ఆవిడదే. రెండు నెలల తర్వాత ఆ క్లాసుకి వెళ్తే ఆఖరి బెంచీ పిల్ల కిరణజన్య సంయోగక్రియ గురించి నిలబడి చెబుతోంది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఏ ఇన్‌స్పెక్షన్ మెచ్చుకోలుతోనూ కలగలేదు.

ఆలస్యంగా వచ్చేవారితో

రిజిస్టర్‌లో ఎర్ర గీత పెట్టడం ఆఖరి మెట్టు. మొదటి మెట్టు కారణం తెలుసుకోవడం. మా బడిలో ఒకాయన రోజూ పదిహేను నిమిషాలు లేటు. అడిగితే, ఆయన ఎక్కే పల్లెవెలుగు బస్సు టైమింగ్ మారిందట. మూడు నెలలుగా ఎవరికీ చెప్పలేదు. ఆయన మొదటి పీరియడ్‌ని మరొకరి లీజర్‌తో మార్చి, సాయంత్రం స్టడీ అవర్ ఆయనకి అప్పగించాం. సమస్య తీరింది. ఈ సర్దుబాటు స్టాఫ్ అందరి ముందూ చెప్పి చేయాలి. లేకపోతే పక్షపాతం అనుకుంటారు.

అన్నిసార్లూ బస్సే కారణం కాదు. మరొకరికి విడిగా రెండుసార్లు చెప్పాను, ఒకసారి మీటింగ్ మినిట్స్‌లో రాయించాను, చివరికి మెమో ఇచ్చాను. ఆయన నాతో ఆరు నెలలు మాట్లాడలేదు. బాధ అనిపించింది. కానీ ఎనిమిదో తరగతి పిల్లలు రోజూ పొద్దున ఖాళీగా కూర్చోవడం అంతకన్నా బాధ. మెత్తగా మొదలుపెట్టండి, అవసరమైతే రాతపూర్వకంగా ముగించండి. మధ్యలో స్టాఫ్‌రూమ్‌లో దెప్పిపొడుపులు మాత్రం వద్దు.

అన్నం, నీళ్లు

మధ్యాహ్న భోజనం వడ్డించకముందే రుచి చూడాలని నిబంధన ఉంది. రోజుకో టీచర్‌కి వంతు వేసి, రుచి రిజిస్టర్‌లో సంతకం చేయించండి. వారానికి కనీసం మూడు రోజులు మీరు పిల్లలతో కలిసి కూర్చుని తినండి. అప్పర్ ప్రైమరీ పిల్లకి రోజుకి 150 గ్రాముల బియ్యం, భోజనంలో 700 కేలరీలు, 20 గ్రాముల ప్రొటీన్ అందాలన్నది కేంద్రం లెక్క. పప్పు పలచబడితే ఆ ప్రొటీన్ ఎక్కడా దొరకదు. ఆంధ్రప్రదేశ్‌లో అయితే చిక్కీ, రాగిజావ రోజులు కూడా చూసుకోవాలి.

వంట చేసే మహిళలకి బిల్లులు ఆలస్యమవుతుంటాయి. అప్పు తెచ్చి వండుతారు. వాళ్ల హాజరు లెక్కలు మీ దగ్గర ఒక్క రోజు కూడా ఆగకుండా పంపండి. నెలాఖరుకి బిల్లు మీ బల్ల మీద ఉండిపోతే ఆ తప్పు మనదే. పైన ఆలస్యమైతే ఫోన్ చేసి అడగండి, మళ్లీ మళ్లీ అడగండి.

ఆడపిల్లల మరుగుదొడ్డిలో నీళ్లు, తలుపుకి గడియ, చెత్తబుట్ట ఉన్నాయా అన్నది ప్రతి సోమవారం ఒక మహిళా టీచర్ చూసి మీకు చెప్పేలా ఏర్పాటు చేయండి. ఈ మూడింటిలో ఒకటి లేకపోయినా ఏడో తరగతి దాటిన ఆడపిల్లలు నెలలో కొన్ని రోజులు బడి మానేస్తారు. హాజరు పట్టీ మీద కారణం ఎక్కడా రాసి ఉండదు.

ఊరితో

2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది మహిళలు ఉండాలి. తెలంగాణలో 2024లో మహిళా సంఘాలతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకే రోజు మెగా పేరెంట్స్ మీటింగ్ పెట్టారు. పేరు ఏదైనా, అమ్మానాన్నలు వచ్చి కూర్చునే చోటు ఉంది. దాన్ని సంతకాల పుస్తకంగా మార్చకండి.

కూలికి వెళ్లేవాళ్లని పగలు పదకొండింటికి రమ్మంటే రారు. సాయంత్రం ఆరున్నరకి పెట్టండి, ఒక్కోసారి బడిలో కాకుండా వాడలోనే పెట్టండి. ఉపన్యాసం వద్దు. వాళ్ల పిల్లతో ఒక పేజీ చదివించండి. బడికి వచ్చిన గ్రాంటు ఎంత, ఖర్చు ఎంత అన్నది వరండాలో బోర్డు మీద రాయండి. డబ్బు లెక్క గోడ మీద ఉన్న హెచ్.ఎం. మాటని ఊరు నమ్ముతుంది. తర్వాత ప్రహరీ గోడకి ఇటుకలు అడిగినా కాదనరు.

వలసలు ఉన్న ప్రాంతమైతే తేదీలు ముందే చూసుకోవాలి. కర్నూలు పశ్చిమ మండలాల నుంచి మిరప కోతలకి గుంటూరు వైపు కుటుంబాలకి కుటుంబాలే కదులుతాయి. వెళ్లిపోయాక లబోదిబోమంటే లాభం లేదు. కదలడానికి రెండు వారాల ముందే ఇళ్లకి వెళ్లి, పిల్లల్ని అవ్వాతాతల దగ్గరో సీజనల్ హాస్టల్లోనో ఉంచమని మాట్లాడాలి. ఆ ఇంటికి హెచ్.ఎం. ఒక్కరే వెళ్లకుండా, పిల్లకి ఇష్టమైన టీచర్‌ని వెంట తీసుకెళ్లండి.

పదో తరగతి నామినల్ రోల్స్

ఫలితాల శాతం గురించి అందరూ మాట్లాడతారు. నామినల్ రోల్స్ గురించి ఎవరూ మాట్లాడరు. పదో తరగతి మార్కుల మెమోలో పేరు ఒక అక్షరం తప్పు పడితే ఆ పిల్ల కాలేజీ సీటు నుంచి పాస్‌పోర్టు దాకా ఆ తప్పుని మోస్తుంది. తర్వాత దిద్దించుకోవాలంటే కూలి మానుకుని ఆఫీసుల చుట్టూ తిరగాలి.

కాబట్టి తొమ్మిదో తరగతి వేసవి సెలవులకి ముందే అడ్మిషన్ రిజిస్టర్, ఆధార్ పక్కపక్కన పెట్టి తేడాలు రాయండి. తల్లిదండ్రులకి ఆధార్ దిద్దించుకోవడానికి సెలవుల సమయం దొరుకుతుంది. రోల్ తయారయ్యాక ఒక ప్రింటు పిల్ల చేతికి ఇచ్చి, ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ ఒక్కో అక్షరం పైకి చదివించండి. ఇంటికి పంపి తల్లిదండ్రుల సంతకం తెప్పించండి. ఆ తర్వాత ఆ పిల్లకి పాఠం చెప్పని ఇంకో టీచర్ చూడాలి. కొత్త కళ్లకి తప్పు దొరుకుతుంది. ఆఖర్న మీరు చూడండి. నేను ఇప్పటికీ ఈ పని ఆదివారం, బడిలో ఎవరూ లేనప్పుడు చేస్తాను.

కాగితాలు మిమ్మల్ని మింగకుండా

గ్రూపులో వచ్చే ప్రతి మెసేజ్ మీద మోస్ట్ అర్జెంట్ అని ఉంటుంది. అడిగేవి మాత్రం ఎప్పుడూ ఆ వివరాలే. బడికి ప్రభుత్వం ఇచ్చిన 11 అంకెల యూడైస్ కోడ్, తరగతి వారీ సంఖ్య, బాలబాలికలు, సామాజిక వర్గాలు, గదులు, బ్యాంకు ఖాతా. వీటన్నిటినీ ఒకే కాగితం మీద రాసి బల్ల అద్దం కింద పెట్టండి, ఫోన్లో ఫొటో ఉంచండి. నెలకోసారి సరిచేయండి. సగం అర్జెంట్‌లు రెండు నిమిషాల్లో అయిపోతాయి.

మిగతా ఆన్‌లైన్ పని ఒక్కరి మీదే పడేయకండి. కంప్యూటర్ బాగా వచ్చిన కుర్ర టీచర్ మీద అంతా మోపడం ప్రతి బడిలో జరిగే అన్యాయం. ఆయన పాఠం పోతుంది. హాజరు ఒకరు, స్కాలర్‌షిప్‌లు ఒకరు, యూడైస్ ఇద్దరు, ఇలా పంచండి. నాలుగు నుంచి అయిదు మధ్య మాత్రమే కాగితాల గంట అని పెట్టుకోండి.

దీనిలో మాత్రం ఆలోచన వద్దు

పిల్లల్ని కొట్టడం, అవమానించడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కింద నిషేధం. మొదటి మీటింగ్‌లోనే చెప్పండి. బెత్తాలుంటే ఆ రోజే తీయించండి.

పిల్లపై లైంగిక వేధింపు జరిగిందని మీ చెవిన పడితే, 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి తెలియజేయాల్సిందే. పరువు పోతుందని, టీచర్ కుటుంబం వీధిన పడుతుందని, ఊరిపెద్దలు రాజీ చేస్తారని చెప్పేవాళ్లు ఉంటారు. వినకండి. తన కింద పనిచేసే మనిషి చేసిన నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి ఏడాది దాకా జైలు శిక్ష ఉంది. చట్టం లేకపోయినా చేయాల్సింది ఇదే. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబర్ ప్రతి తరగతి గది గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. పిల్ల చెప్పేటప్పుడు మధ్యలో ఆపకండి, పదిమంది ముందు మళ్లీ మళ్లీ చెప్పించకండి.

రెండో మనిషి

ఏడాది చివరికొచ్చేసరికి స్టాఫ్‌లో ఒకరిద్దరు మీకు కనబడతారు. అడగకుండానే గేటు దగ్గర నిలబడేవాళ్లు, చదవలేని పిల్లల్ని ఇద్దరు ఎక్కువ తీసుకున్నవాళ్లు. వాళ్లని పిలిచి టైమ్‌టేబుల్ చేతికివ్వండి. డిపార్ట్‌మెంటల్ టెస్టుల నోటిఫికేషన్ వచ్చినప్పుడు గుర్తు చేయండి. ఒక శనివారం బియ్యం గదికి, బీరువా దగ్గరికి తీసుకెళ్లి, తూకం ఎలా వేయాలో, టి.సి. పుస్తకంలో ఏం చూడాలో చూపించండి.

ఆ తర్వాత ఒక రోజు సెలవు పెట్టండి. తాళాల గుత్తి వాళ్ల చేతికిచ్చి, మీ ఆరో తరగతి మొదటి పీరియడ్ ఎవరు తీసుకుంటారో మాత్రం ముందే అడిగి వెళ్లండి.